కరెంటు స్తంభాన్ని పైనుంచి కిందికి చదవడం: మన వీధి తీగలను, పెట్టెలను గుర్తించేందుకు సమగ్ర మార్గదర్శి

మా వీధి మలుపులో ఒక సిమెంటు కరెంటు స్తంభం ఉంది. నిన్న ఉదయం దాని ఎదుటి అరుగు మీద కూర్చుని లెక్కపెడితే, దాని మీదుగా పోతున్న తీగలు ముప్పై ఏడు తేలాయి. వాటిలో విద్యుత్ సంస్థవి పద్నాలుగు. మిగతా ఇరవై మూడూ టీవీవి, ఇంటర్నెట్‌వి, పాత టెలిఫోన్‌వి, నిఘా కెమెరాలవి. ఆ ఇరవై మూడింటిలో ఎనిమిది ఏ ఇంటికీ చేరడం లేదు. ఎప్పుడో కనెక్షన్ మానేసినవాళ్ల తీగలు తీసేవాళ్లు లేక అలాగే వేలాడుతున్నాయి.

ఆ స్తంభం కిందే బడి ఆటో ఆగుతుంది. గాలివానకు ఏదో ఒక తీగ తెగి జారినప్పుడల్లా ఎవరో ఒకరు “అది కేబుల్ వైరేలే, ఏమీ కాదు” అంటూ చేత్తో పక్కకు నెడతారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తొలగించారు. ఆ వార్త చదివిన రోజు నుంచే నేను మా పేటలో ప్రతి స్తంభాన్నీ తల ఎత్తి చూడడం మొదలుపెట్టాను. మా లైన్‌మన్‌ను అడిగి, ఇంటర్నెట్ తీగలు లాగే కుర్రాళ్లను అడిగి పేర్లు నేర్చుకున్నాను. నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వీధుల్లో కనిపించే స్తంభాల సంగతి. మొదట పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: స్తంభాన్ని పైనుంచి కిందికి చదవాలి. ఎక్కువ వోల్టేజీ తీగలు శిఖరాన ఉంటాయి, ఇళ్లకు వెళ్లే కరెంటు నడుమన ఉంటుంది, టీవీ, ఇంటర్నెట్ కేబుళ్లు అన్నిటికన్నా కింద ఉంటాయి. తీగ రంగు, లావు చూసి నిర్ణయానికి రావద్దు. అది ఏ ఎత్తులో ఉంది, స్తంభానికి దేనితో కట్టారు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది అనే మూడు ప్రశ్నలు వేసుకోండి.

చూడడానికి బయలుదేరే ముందు

కావలసిందల్లా జూమ్ ఉన్న ఫోను కెమెరా, చిన్న నోటు పుస్తకం. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది. ఎండ మీ వీపు వైపు ఉండేలా ఉదయమో సాయంత్రమో వెళ్లండి. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు తీగలన్నీ నల్లగానే కనిపిస్తాయి. వానలో, వాన వెలిసిన వెంటనే వెళ్లవద్దు.

రోడ్డుకు అవతలి వైపు నిలబడి చూడండి. స్తంభానికి చేయి ఆనించవద్దు. స్తంభం నుంచి ఏటవాలుగా నేలలోకి దిగే స్టే తీగను, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం వెంట దిగే ఇనుప గొట్టాన్ని ముట్టుకోవద్దు. మామిడికాయలు కోసే దోటి, అల్యూమినియం నిచ్చెన, ఫొటోల కోసం వాడే పొడవాటి కర్ర వంటివేవీ తీగల వైపు ఎత్తవద్దు. ఇంత దూరం నుంచే ఇక్కడ చెప్పినవన్నీ చూడవచ్చు, నేను అలాగే చూశాను.

మొదటి అడుగు: స్తంభం ఎత్తు

మన దగ్గర వీధుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు కొలతల సిమెంటు స్తంభాలు: 8 మీటర్లవి, 9.1 మీటర్లవి. ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ తీగలకు పొట్టివి, 11 కేవీ, అంటే 11,000 వోల్టుల తీగలకు పొడవువి వాడతారు. సుమారు ఆరో వంతు భూమిలోకి పోతుంది కాబట్టి పైకి కనిపించేది ఆరున్నర, ఏడున్నర మీటర్లు. పక్కన రెండంతస్తుల ఇల్లు ఉంటే పోల్చుకోవడం తేలిక. స్తంభం కొస పై అంతస్తు కప్పు దగ్గరకు వస్తే అది పొట్టిది, కప్పు దాటి పిట్టగోడ ఎత్తుకు పోతే పొడవుది. పాత పేటల్లో ఇనుప దూలాల వంటి స్తంభాలు, గొట్టపు స్తంభాలు ఇంకా ఉన్నాయి. నగరాల్లో పెద్ద రోడ్ల వెంట ఇంకా ఎత్తైనవి వేస్తున్నారు.

రెండో అడుగు: శిఖరాన మూడు తీగలు

స్తంభం కొసన ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో ఒక ఇనుప అడ్డకమ్మి, దాని రెండు చివర్లలో ఒక్కొక్క తీగ, నడుమ కొస మీద మరో తీగ, మూడూ కలిసి త్రికోణంగా కనిపిస్తే అవి 11 కేవీ తీగలు. ఒక్కో తీగ కింద ముదురు గోధుమరంగు పింగాణీ ఇన్సులేటర్ ఉంటుంది. గొడుగు మీద గొడుగు పెట్టినట్టు దానికి మడతలుంటాయి. వాన పడ్డప్పుడు పై మడత తడిసినా కింది మడత లోపలి వైపు పొడిగా మిగలాలనే ఆ ఆకారం. కరెంటు తడి దారి వెంట జారి స్తంభానికి చేరకుండా అదే ఆపుతుంది. కొత్త తీగల దగ్గర పింగాణీకి బదులు బూడిదరంగు పాలిమర్ ఇన్సులేటర్లు కూడా చూస్తారు.

తీగ మలుపు తిరిగే చోట, ఆగిపోయే చోట నిలువు ఇన్సులేటర్ చాలదు. అక్కడ పళ్లెం వంటి డిస్కులను అడ్డంగా కట్టి తీగను లాగి పట్టుకుంటారు. ఈ డిస్కులు లెక్కపెట్టడం వోల్టేజీ గుర్తించేందుకు చక్కని ఉపాయం. సాధారణంగా 11 కేవీకి ఒక డిస్కు, 33 కేవీకి వరుసగా మూడు డిస్కులు ఉంటాయి. సబ్‌స్టేషన్ వైపు వెళ్లే పెద్ద రోడ్డులో మూడు డిస్కుల వరుస కనిపిస్తే అది 33 కేవీ తీగ. ఆ సబ్‌స్టేషన్‌లో దాన్ని 11 కేవీకి దించి మన పేటలకు పంపుతారు.

ఈ తీగలకు తొడుగు ఉండదు. ఎండకు వానకు మాసిన అల్యూమినియం అది. నడుమ ఉక్కు పోగు ఉన్న రకాలకు వీజిల్, రాబిట్, డాగ్ అంటూ జంతువుల పేర్లు పెట్టారు. బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఆ పేర్లతోనే మన లైన్‌మన్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఈ మూడింటిలో సన్నం నుంచి లావుకు వెళ్లే కొద్దీ జంతువు పెద్దదవుతుంది.

పిట్ట వాలింది కాబట్టి తీగలో కరెంటు లేదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పిట్ట ఒక్క తీగ మీదే కూర్చుంటుంది, నేలను గానీ రెండో తీగను గానీ తాకదు. అందుకే దానికి ఏమీ కాదు. మనిషి మాత్రం నేల మీదో డాబా మీదో నిలబడి ఉంటాడు. పైగా 11 కేవీ దగ్గర తీగను ముట్టుకోవలసిన పని కూడా లేదు, మరీ దగ్గరగా పోతే గాలిలోంచే మెరుపులా దూకుతుంది.

మీ ఇంటికి ఈ తీగ ఎంత దూరంలో ఉందో ఇప్పుడే చూసుకోండి. భద్రతా నిబంధనల ప్రకారం 11 కేవీ తీగ భవనానికి పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైనుంచి పోతే కనీసం 3.7 మీటర్లు దూరంలో ఉండాలి. అంటే పక్కకు నాలుగు అడుగులు, నెత్తిన పన్నెండు అడుగులు. తక్కువ వోల్టేజీ తీగకైతే పక్కకు అదే 1.2 మీటర్లు, పైకి 2.5 మీటర్లు. ఇల్లు కట్టినప్పుడు దూరం సరిగానే ఉండి, తర్వాత బాల్కనీ ముందుకు పెంచడం వల్ల తీగ చేతికందే దూరానికి వచ్చిన ఇళ్లు మా పేటలోనే నాలుగు ఉన్నాయి.

మూడో అడుగు: జంట స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్

వీధిలో చదవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు, ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడండి. రెండు స్తంభాలు పక్కపక్కనే నాటి, నడుమ ఇనుప కమ్ముల మీద ట్రాన్స్‌ఫార్మర్ కూర్చోబెట్టిన కట్టడాన్ని డీపీ స్ట్రక్చర్ అంటారు. 11 కేవీ కరెంటు పైనుంచి మెట్టు మెట్టుగా దిగి, కింద మన ఇంటి కరెంటుగా మారడం ఇక్కడ కంటితో చూడవచ్చు.

మొదటి మెట్టు ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్. మూడు తీగలనూ ఒకేసారి తెరిచే పెద్ద స్విచ్ ఇది. దాని నుంచి ఒక ఇనుప గొట్టం స్తంభం వెంట కిందికి దిగి, మనిషి చేతికందే ఎత్తులో పిడితో ఆగుతుంది. పిడికి తాళం ఉండాలి. తాళం లేకపోతే అదే మొదటి ఫిర్యాదు. లైన్‌మన్ పని చేసే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటారు, అంటే లైన్ ఆపినట్టు అనుమతి పొందుతారు. ఆ తర్వాతే ఈ స్విచ్ తెరుస్తారు.

రెండో మెట్టు హెచ్‌జీ ఫ్యూజులు. ఎద్దు కొమ్ముల జత పైకి వంగి విచ్చుకున్నట్టు మూడు జతలుంటాయి. కొమ్ముల అడుగున, అవి దగ్గరగా ఉన్నచోట, సన్నని ఫ్యూజు తీగ కట్టి ఉంటుంది. అది కాలినప్పుడు రెండు కొమ్ముల నడుమ మంట లేస్తుంది. వేడికి ఆ మంట పైకి పాకుతుంది, పైకి పోయే కొద్దీ కొమ్ముల నడుమ ఎడం పెరిగి, సాగిన మంట తెగి ఆరిపోతుంది. రాత్రివేళ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఠప్‌మని చప్పుడు, ఒక నీలి మెరుపు, వెంటనే వీధంతా చీకటి అయితే చాలాసార్లు జరిగింది ఇదే.

ఆ పక్కనే ఒక తీగకు ఒకటి చొప్పున మూడు మడతల కడ్డీలు నిలబడి, వాటి అడుగు నుంచి తీగ నేలలోకి దిగుతుంటే అవి పిడుగు నిరోధకాలు. మామూలు వోల్టేజీకి అవి కదలవు. పిడుగుపాటుకు వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు దాన్ని భూమిలోకి పంపేస్తాయి.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. పైన మూడు పొడవాటి పింగాణీ గొట్టాలు, పక్కన నాలుగు పొట్టివి లెక్కపెట్టండి. పొడవువి 11 కేవీ వచ్చే దారి, పొట్టివి మన కరెంటు బయటికి వెళ్లే దారి. పొట్టివాటిలో మూడు కరెంటు తెచ్చే ఫేజులు, నాలుగోది అది తిరిగి వెళ్లే న్యూట్రల్. పైన తీగలు చిటికెన వేలికన్నా సన్నగా ఉండి, కింద నుంచి బొటనవేలంత లావు కేబుళ్లు దిగడం చూసి చాలామంది కింది కరెంటే ప్రమాదకరం అనుకుంటారు. లెక్క చూడండి: 100 కేవీఏ సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 కేవీ వైపు నిండు భారం మీద పారేది సుమారు 5.25 ఆంపియర్లు, 433 వోల్టుల వైపు సుమారు 133 ఆంపియర్లు. ఆంపియర్లు పెరిగాయి కాబట్టి తీగ లావు పెరిగింది. వోల్టేజీ తక్కువైన చోటే తీగ లావుగా ఉంది. అందుకే లావు చూసి ప్రమాదం అంచనా వేయవద్దని ముందే చెప్పాను.

ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక పక్క చిన్న గాజు సీసా వంటిది వేలాడుతుంటుంది. ఫోను కెమెరాలో బాగా దగ్గరకు తెచ్చి చూడండి. దాని లోపల నీలి రంగు గింజలు, జొన్నగింజలంత, కనిపిస్తాయి. పగలు వేడెక్కి రాత్రి చల్లారే కొద్దీ లోపలి నూనె ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆ కదలికకు బయటి గాలి లోపలికి వెళ్లేటప్పుడు దానిలోని తేమను ఈ గింజలు పీల్చుకుంటాయి. చాలావాటిలో పొడిగా ఉంటే నీలం, తేమ నిండితే గులాబీ రంగు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు సీసాలో కింది సగం గులాబీగా, పై సగం నీలంగా ఉండడం నేను మొన్న జూన్‌లో చూశాను. సీసా అంతా గులాబీ అయితే తేమ నూనెలోకి పోతోందని అర్థం, ట్రాన్స్‌ఫార్మర్ ఆయువు తగ్గుతుంది. ఇది కూడా ఫిర్యాదు చేయదగిన విషయమే.

చెవి కూడా పనికొస్తుంది. నిలకడగా గుయ్‌మని రొద వస్తే మామూలే. చిటపట చప్పుడు వస్తే, కింద నూనె చుక్కలు నల్లగా పరుచుకుని ఉంటే మామూలు కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ కింద మనిషి నడుము ఎత్తులోనో కాస్త పైనో ఉండే ఇనుప పెట్టెలో తక్కువ వోల్టేజీ ఫ్యూజులు ఉంటాయి. తలుపు ఊడిపోయి, ఫ్యూజు స్థానంలో అల్యూమినియం పోగులు మెలితిప్పి కట్టి ఉన్న పెట్టెలు మనకు కొత్త కాదు. బడి దారిలో అటువంటిది ఉంటే ఒక్కరోజు కూడా ఆగకుండా చెప్పండి. పిల్లల చేతికందే ఎత్తు అది.

నాలుగో అడుగు: నడుమన నాలుగో ఐదో తీగలు

ట్రాన్స్‌ఫార్మర్ దాటిన తర్వాత స్తంభాల మీద 11 కేవీ కన్నా కింద, బొంగరం నడుముకు గాడి చేసినట్టుండే చిన్న తెల్లటి లేదా గోధుమరంగు ఇన్సులేటర్లకు కట్టినవి ఎల్‌టీ, అంటే తక్కువ వోల్టేజీ తీగలు. లెక్క ఇక్కడ బాగా తేడా చూపిస్తుంది. 11 కేవీకి మూడే తీగలు, ఎల్‌టీకి నాలుగు గానీ ఐదు గానీ. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్, ఐదోది ఉంటే వీధి దీపాలది. ఏ రెండు ఫేజుల నడుమనైనా సుమారు 415 వోల్టులు, ఒక ఫేజుకు న్యూట్రల్‌కు నడుమ సుమారు 240.

ఐదో తీగను గట్టిగా గుర్తుపెట్టుకోండి. అది పగలంతా ఊరికే ఉంటుంది, చీకటి పడగానే కరెంటు ఎక్కుతుంది. మధ్యాహ్నం దానికి గాలిపటం చిక్కుకుంటే లాగిన పిల్లవాడికి ఏమీ కాకపోవచ్చు. అదే ధీమాతో సాయంత్రం ఆరున్నరకు లాగితే ప్రాణం పోతుంది.

న్యూట్రల్‌ను కింద నుంచి చూసి తేల్చుకోవాలని ప్రయత్నించవద్దు. స్తంభం నుంచి స్తంభానికి వరుస మారవచ్చు, పైగా తెగిన న్యూట్రల్‌లో కూడా కరెంటు ఉంటుంది. అది తెగినట్టు మీ ఇంట్లోనే తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో బల్బులు మసకగా, మరికొన్ని ఇళ్లలో కళ్లు చెదిరేలా వెలుగుతాయి, ఫ్యాను విపరీతమైన వేగంతో తిరుగుతుంది. వెంటనే మెయిన్ ఆపి ఫోను చేయండి. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేది ఇటువంటప్పుడే.

ఇటీవల చాలా వీధుల్లో ఈ విడి తీగల స్థానంలో నల్లటి జడ వంటి కేబుల్ వేస్తున్నారు. దాన్ని ఏబీ (ఏరియల్ బంచ్డ్) కేబుల్ అంటారు. తొడుగు ఉన్న ఫేజులను ఒక ఆధారపు తీగ చుట్టూ మెలితిప్పి అల్లుతారు, వీధి దీపాల పోగు కూడా అందులోనే ఉంటుంది. కొమ్మలు తగిలినా మంటలు లేవవు, కొక్కేలు వేసి దొంగ కరెంటు వాడుకోవడం కుదరదు. ఇంటర్నెట్ కేబుళ్లూ నల్లవే కాబట్టి తికమక పడే చోటు ఇది. జడలా మెలి ఉండి, బొటనవేలికన్నా లావుగా ఉంటే కరెంటు కేబుల్ అనుకోండి.

అయిదో అడుగు: స్తంభం నుంచి ఇంటికి

స్తంభం నుంచి మీ మీటరుకు వచ్చేది సర్వీసు తీగ. తొడుగు ఉన్న రెండు పోగుల అల్యూమినియం తీగ, మూడు ఫేజుల ఇల్లయితే నాలుగు పోగులు. దాని బరువు మోయడానికి పక్కనే ఒక జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) లాగి, అడుగడుగున చుట్టి కడతారు. ఈ జీఐ తీగ మామూలు రోజుల్లో ఏ కరెంటూ లేని ఉత్త ఇనుము. ఎండకు సర్వీసు తీగ తొడుగు పగిలి, గాలికి ఊగి రాసుకుంటే మాత్రం కరెంటు అందులోకి దిగుతుంది.

మా మేనత్త గారింట్లో అదే జరిగింది. ఆ జీఐ తీగ గోడకు కట్టిన మేకుకే, ఇవతలి వైపు బట్టలారేసే దండెం కూడా కట్టారు. దండెం కూడా ఇనుప తీగే. శ్రావణమాసం ముసురులో తడి చీర ఆరేస్తుంటే అత్తయ్య చేయి పట్టుకుపోయింది. ఆ సమయానికి మామయ్య మెయిన్ ఆపబోయారు గానీ ప్రయోజనం లేదు, కరెంటు వస్తున్నది మీటరుకు అవతలి నుంచి. ఎండు కర్రతో కొట్టి విడదీశారు. అత్తయ్య బతికింది, అరచేతిలో మచ్చ ఉండిపోయింది. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లు ఇవాళే లేచి చూడవలసింది ఇది: మీ దండెం ఏ మేకుకు కట్టి ఉంది? నైలాన్ తాడు తెచ్చి కట్టుకోండి, వేరే గోడకు కట్టుకోండి.

ఆరో అడుగు: కింది వరుస కేబుళ్లు

ఇప్పుడు గజిబిజి దగ్గరకు వచ్చాం. ఒక్కొక్క దాన్ని విడదీద్దాం.

ఇంటికి వచ్చే ఇంటర్నెట్ ఫైబర్ చాలా సన్నం. బల్లపరుపుగా ఉండి పక్కన ఒక ఉక్కు తీగ అతుక్కుని ఉంటుంది, లేదా గుండ్రంగా ఉండి లోపల రెండు సన్నని కడ్డీలుంటాయి. నలుపు ఎక్కువ, తెలుపు కూడా కనిపిస్తుంది. లోపలి గాజు పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వీధి వెంట సాగే పెద్ద ఫైబర్ పెన్సిల్ లావు నుంచి వేలి లావు వరకు ఉంటుంది.

మా ఇంటి పిట్టగోడ మీద ఇంటర్నెట్ కుర్రాడు కోసి వదిలేసిన ఒక మూర కేబుల్ ముక్కను పట్టి చూశాను. నల్లటి తొడుగు మీద తెల్లటి అక్షరాలు వరుసగా అచ్చువేసి ఉన్నాయి: తయారీదారు పేరు, తయారైన సంవత్సరం, లోపల ఎన్ని పోగులో చెప్పే అంకె, ఆ పక్కన నాలుగంకెల మీటరు గుర్తు. ప్రతి మీటరుకూ ఆ అంకె ఒకటి పెరుగుతుంది. చుట్టలో ఎంత వాడారో, రెండు స్తంభాల నడుమ ఎంత పొడవు పడిందో ఆ అంకెల తేడా చెప్పేస్తుంది. స్తంభం మీద కేబుల్ మీ కిటికీ దగ్గరగా పోతుంటే ఈ రాతను ఫోనుతో ఫొటో తీసి చదవండి. 2, 4, 12, 24 వంటి పోగుల అంకె కనిపిస్తే అది ఫైబర్. ఫొటో చాలు, ముట్టుకోవద్దు.

టీవీ కోయాక్సియల్ కేబుల్ కచ్చితంగా గుండ్రంగా ఉంటుంది. ఇంటికి వచ్చేది సుమారు 7 మిల్లీమీటర్లు, వీధి వెంట సాగేది అంతకన్నా లావు. తెగిన కొస దగ్గర గుర్తుపట్టడం సులువు: నడుమ రాగి రంగు తీగ, చుట్టూ తెల్లటి నురుగు వంటి పొర, దాని మీద వెండి రేకు, సన్నని పోగుల జల్లెడ. హైదరాబాద్, విశాఖపట్నాలలో 2013లో సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయినప్పుడు ఇళ్లలో పెట్టె మారింది గానీ వీధిలో చాలాచోట్ల ఈ కేబులే కొనసాగింది. ఇప్పుడిప్పుడే ఫైబర్‌కు చోటిస్తోంది.

పాత టెలిఫోన్ తీగ జంట రాగి పోగులది, వానపాములా సన్నగా ఉంటుంది. స్తంభం మీదో గోడ మీదో చిన్న పెట్టెలోంచి నాలుగైదు ఇళ్లకు చీలుతుంది. కెమెరాలకు వేసే నెట్‌వర్క్ తీగ వంద మీటర్లకు మించి పనిచేయదు కాబట్టి రెండు మూడు స్తంభాలకన్నా దూరం సాగదు. కెమెరా నుంచి మొదలై దగ్గరి పెట్టెలోకి దిగిపోతే అదే.

ఆంధ్రప్రదేశ్‌లో పల్లె స్తంభాల మీద కూడా ఒక ఫైబర్ పొడవుగా సాగుతుంటే అది 2017 డిసెంబరులో ప్రారంభమైన రాష్ట్ర ఫైబర్‌నెట్ కావచ్చు. కరెంటు స్తంభాల మీదుగా వేయాలన్నదే ఆ పథకం ఆలోచన. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల వెంట చాలావరకు భూమిలోనే వేశారు. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలే భూమిలోకి వెళ్లాయి. అక్కడ స్తంభానికి బదులు రోడ్డు పక్కన ఇనుప పెట్టెలు కనిపిస్తాయి.

ఇక ముఖ్యమైన మాట. ఫైబర్‌లో పారేది వెలుతురే, కరెంటు కాదు. కానీ దాని బరువు మోసే ఉక్కు తీగ కరెంటును చక్కగా మోస్తుంది. ఆ ఉక్కు తీగ నాలుగు స్తంభాల అవతల 11 కేవీకి తగిలి ఉంటే, మీ గుమ్మం ముందు వేలాడే “ఉత్త ఇంటర్నెట్ వైరు” ప్రాణం తీస్తుంది. కోయాక్సియల్‌లో రాగి ఉంది, అల్యూమినియం ఉంది, పైగా దారిలో సిగ్నల్ బలం పెంచే ఆంప్లిఫయర్ల కోసం ఆ కేబుల్‌లోనే సుమారు 60 వోల్టులు పంపుతారు. కాబట్టి కింది వరుస తీగ తెగి వేలాడినా ముట్టుకోవద్దు. తెగిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడవద్దు. అందులో పారే వెలుగు కంటికి కనిపించదు, కన్నుకు మాత్రం హాని చేయగలదు. దాని గాజు ముక్క గుచ్చుకుంటే బయటికి తీయడం కూడా కష్టం.

ఏడో అడుగు: పెట్టెలు, చుట్టలు

మూత పెట్టిన పొడవాటి డబ్బాలా, నల్లగా, అడుగు నుంచి కేబుళ్లు లోపలికి దూరుతున్నది ఫైబర్ జాయింటు. లోపల గాజు పోగులను కరిగించి అతికి ఉంటారు. దాని పక్కనే కేబుల్‌ను పెద్ద చుట్టగా చుట్టి వేలాడదీస్తారు. అది వృథా కాదు. స్తంభం మీద నిలబడి వెంట్రుక వంటి పోగులు అతకడం కుదరదు కాబట్టి, డబ్బాను కిందికి దించి బల్ల మీద పెట్టుకుని పని చేయడానికి ఆ మిగులు కావాలి. చుట్ట ఉండడం తప్పు కాదు. ఎల్‌టీ తీగలకు తగిలేలా, మనిషి తలకు తగిలేలా ఉండడం తప్పు.

చేతి పుస్తకమంత తెల్లటి లేదా నల్లటి ప్లాస్టిక్ పెట్టె నుంచి ఎనిమిదో పదహారో సన్నని తీగలు ఇళ్లకు చీలితే అది స్ప్లిట్టర్ పెట్టె. దానికి కరెంటు అక్కరలేదు. గట్టి అల్యూమినియం పోతపోసి, వేడి పోవడానికి రెక్కలు తీర్చినట్టున్న పెట్టె టీవీ ఆంప్లిఫయర్ గానీ నోడ్ గానీ. ఒకవైపు ఫైబర్ దూరి మరోవైపు కోయాక్సియల్ వస్తుంటే నోడ్. దీనికి కరెంటు కావాలి, ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. కొన్నిచోట్ల మీటరు ఉంటుంది, కొన్నిచోట్ల ఎల్‌టీ తీగకు నేరుగా కొక్కెం తగిలించి ఉంటుంది. రెండోది కనిపిస్తే విద్యుత్ సంస్థకు చెప్పవలసిందే.

వీధి దీపాలను ఒకేసారి వెలిగించి ఆర్పే పెట్టెకు మున్సిపాలిటీ లేదా పంచాయతీ గుర్తు ఉంటుంది. తక్కువ ఎత్తులో ఉంటుంది, దాని నుంచి తీగ పైకి పోయి ఐదో తీగను కలుస్తుంది. కెమెరాల పెట్టె మీద చాలాచోట్ల పోలీసు శాఖ పేరు రాసి ఉంటుంది.

ఎనిమిదో అడుగు: స్టే, ఎర్తు

స్తంభం కొస నుంచి ఏటవాలుగా నేలలోకి దిగే లావు ఉక్కు తీగ స్టే. నడుమ గుడ్డంత గోధుమరంగు పింగాణీ ఉండాలి. పై సగంలోకి కరెంటు దిగినా కింది సగానికి రాకుండా అది ఆపుతుంది. అది లేని స్టేకు గేదెను కట్టడం ఎంత ప్రమాదమో పల్లెల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. స్తంభం పక్కగా దిగే సన్నని జీఐ తీగ ఎర్తు. అది తెగి ఉంటే వానాకాలంలో స్తంభమే షాకు కొట్టవచ్చు.

తీగ నేల మీద పడి ఉంటే

ఏ తీగో గుర్తించడానికి ప్రయత్నించవద్దు. కనీసం పది మీటర్ల దూరంలో ఆగండి, ఇతరులను ఆపండి, 1912కు ఫోను చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విద్యుత్ ఫిర్యాదుల నంబరు అదే. పొడి నేల మీద, తారు రోడ్డు మీద పడ్డ 11 కేవీ తీగ నుంచి భూమిలోకి తగినంత కరెంటు పారకపోతే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడదు. మెరుపులు లేకుండా, చప్పుడు లేకుండా తీగ ప్రాణంతో ఉంటుంది. ఇప్పటికే దగ్గరలో ఉంటే పెద్ద అంగలు వేయకండి. నేలలో పరుచుకున్న వోల్టేజీ రెండు పాదాల దగ్గర వేర్వేరుగా ఉంటుంది. పాదాలు జోడించి, నేల మీంచి ఎత్తకుండా, కొద్దికొద్దిగా జరుపుతూ దూరం పోవాలి.

తొమ్మిదో అడుగు: రాతలు చదివి, సరైన చోటికి చెప్పడం

ట్రాన్స్‌ఫార్మర్ కట్టడం మీద పసుపు లేదా తెలుపు రంగుతో ఎస్‌ఎస్ నంబరు (ఆ ట్రాన్స్‌ఫార్మర్ గుర్తింపు సంఖ్య), కేవీఏ, కొన్నిచోట్ల ఫీడరు (దానికి కరెంటు తెచ్చే 11 కేవీ లైను) పేరు రాసి ఉంటాయి. పుర్రె బొమ్మతో అపాయం అన్న పలక ఉన్న చోట వోల్టేజీ కూడా ఉంటుంది. మీ వీధి ఎస్‌ఎస్ నంబరు నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి. రాత్రి పన్నెండు గంటలకు ఫోను చేసినప్పుడు ఆ అంకె ఒక్కటి చెబితే లైన్‌మన్ నేరుగా ఆ స్తంభం దగ్గరకే వస్తారు.

11 కేవీ తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, ఎల్‌టీ, సర్వీసు తీగ, స్టే, ఎర్తు అన్నీ విద్యుత్ సంస్థవి. దీపం, దాని స్విచ్ మున్సిపాలిటీవి లేదా పంచాయతీవి. కింది వరుస కేబుల్ అయితే పెట్టె మీది పేరు చూసి ఆ సంస్థకు చెప్పండి. ఆ కేబుల్ కరెంటు తీగకు తగులుతుంటే మాత్రం పేరు వెతుకుతూ కూర్చోవద్దు, ముందు 1912.

మొన్న నేను పంపిన ఫిర్యాదు ఇది: “ఎస్‌ఎస్ 14, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తూర్పు వైపు మూడో స్తంభం, రామాలయం ఎదురు సందు మొదట్లో. సర్వీసు తీగ తొడుగు ఒక మూర మేర ఒలిచిపోయింది. ఇంటర్నెట్ కేబుల్ ఉక్కు తీగ దానికి ఆనుకుని ఉంది. అదే కేబుల్ కింద బడి ఆటో ఎత్తుకు వేలాడుతోంది. ఫొటో జత చేశాను.” మధ్యాహ్నం రెండు దాటకముందే లైన్‌మన్ వచ్చారు. చేతిలో కొత్త సర్వీసు తీగ చుట్ట ఉంది, ఏ స్తంభమని ఎవరినీ అడగకుండా నేరుగా మూడో దాని దగ్గరే నిచ్చెన వేశారు.